ఇంటి ముందుగదిలో సెలూన్: లైసెన్సు, బీమా

హైదరాబాద్‌లో అద్దె ఇంటి ముందుగదిలో రెండు కుర్చీలతో సెలూన్ పెట్టాలనుకుంటున్నారు, లైసెన్సు, బీమా ఎలా అని అడిగారు. కుర్చీలు కొనకముందే ఇంటి యజమానితో మాట్లాడండి. ఆ గదిలో వ్యాపారానికి అభ్యంతరం లేదని రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట పనికిరాదు, రేపు ఆయన మనసు మారితే మీ పెట్టుబడి వీధిన పడుతుంది.

తర్వాత మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో దుకాణం నమోదు. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఆన్‌లైన్‌లో ఉచితం, డబ్బులడిగే దళారులను నమ్మకండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ గొడవ లేదు.

కరెంటు విషయంలోనే చాలామంది దొరికిపోతారు. గృహ మీటరుతో వ్యాపారం నడిపితే అపరాధ రుసుము పడుతుంది, కాబట్టి సెలూన్‌కు వేరే కనెక్షన్ తీసుకోండి. మీరు నాయీబ్రాహ్మణులైతే తెలంగాణలో 2021 నుంచి నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత పథకం ఉంది, దరఖాస్తు చేయండి.

బీమాకు ఇంటి పాలసీని నమ్ముకోవద్దు. దుకాణదారుల పాలసీ అడగండి. అగ్నిప్రమాదం, దొంగతనంతో పాటు, సెలూన్‌కు వచ్చిన కస్టమరుకు గాయమైతే పరిహారం చెల్లించే పబ్లిక్ లయబిలిటీ భాగం అందులో ఉందా అని చూడండి. క్షవరం చేసేవారికి అదే ముఖ్యం. ఏజెంటు మాటతో సరిపెట్టుకోకుండా, ఇంట్లోనే సెలూన్ నడుస్తోందని ప్రతిపాదన పత్రంలో (బీమా దరఖాస్తులో) రాయించండి. దాస్తే క్లెయిమ్ తిరస్కరిస్తారు.

పరికరాలకు డబ్బు తక్కువైతే చేతివృత్తుల వారికి కేంద్రం ఇచ్చే పీఎం విశ్వకర్మ పథకంలో క్షురక వృత్తి కూడా ఉంది: పనిముట్లకు 15,000 రూపాయల వరకు, 5 శాతం వడ్డీకి తొలి విడత లక్ష వరకు రుణం.