నానా, నీకు వినపడకపోతే "లేదు" అని రాయకు

నానా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "నీ చాదస్తం వీడికీ అంటుకుందక్కా, రాత్రిళ్లు కంబాలకొండ అడవిలో కీచురాళ్ల పాటలు రికార్డు చేస్తాట్ట" అని ఒకటే గోల. దాన్ని సముదాయించాను గానీ నాకూ నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం చిరుతపులి.

అటవీశాఖ అనుమతి కాగితం జేబులో ఉండాలి. ఒక్కడివీ వెళ్లకు. మోకాలి దాకా బూట్లు వేసుకో. కట్లపాము తిరిగేది రాత్రే, కాబట్టి పొదలోకి ముందు టార్చి వెళ్లాలి, తర్వాతే చెయ్యి.

ఫోన్‌తో రికార్డు చేస్తానన్నావట. మామూలు 44.1 కిలోహెర్ట్జ్ రికార్డింగులోకి 22 కిలోహెర్ట్జ్ దాటిన పైస్థాయి శబ్దం రాదు, పొదల్లో ఉండే ఈ కీచురాళ్లలో చాలావాటి పాటలో ఎక్కువ భాగం ఆ పైనే ఉంటుంది. గబ్బిలాల కోసం వాడే రికార్డర్ ఎవరినైనా అడిగి తెచ్చుకో. ప్రతిసారీ అక్కడి ఉష్ణోగ్రత రాసుకో. చలిలో అదే పురుగు నెమ్మదిగా పాడుతుంది, అనంతగిరిలో ఒకటీ ఇక్కడ ఇంకొకటీ అనుకుని రెండు జాతులు దొరికాయని మురిసిపోగలవు.

ఇక అసలు సంగతి. నీకు గుర్తుందో లేదో, ఎనిమిదేళ్లప్పుడు నువ్వు నాతో ఆ కొండ వాలు మీదికి వచ్చావు. అరుదైన ఒక పొద కీచురాయి జాతి ఎక్కడెక్కడ ఉందో పటం గీస్తున్నాను అప్పట్లో. ఒక పొద దగ్గర నా చీర కుచ్చిళ్లు పట్టుకు లాగి, "పెద్దమ్మా, ఎవరో సన్నగా గీకుతున్నారు" అన్నావు. నాకేం వినపడలేదు. "కోతలు కోయకు, నోరు మూసుకుని నడు" అని కసిరాను. పుస్తకంలో ఆ చోటికి ఎదురుగా సున్నా పెట్టాను, అంటే అది అక్కడ లేదని. నాకప్పుడు యాభై రెండు. వయసుతో పాటు పైస్థాయి శబ్దాలే ముందు చెవి దాటిపోతాయని క్లాసులో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, నా చెవి సంగతి మాత్రం తోచలేదు!

చాలా ఏళ్లకి, ఒక స్టూడెంట్, మన చెవికందని శబ్దాన్ని వినిపించే గబ్బిలాల డిటెక్టర్ తెచ్చి వేరే చోట పొదకు పెడితే చిటపటమంది. టార్చి వేశాం. ఆకు అంచున ఆ జాతి మగది, ఒంటికన్నా పొడుగు మీసాలతో, ఎడమ రెక్కని కుడి రెక్క మీద రుద్దుతోంది. ముందుకాలి మోకాలి కింద సన్నటి చీలిక, అదే దాని చెవి. నా చెవిలో మాత్రం నిశ్శబ్దం. అక్కడే రాయి మీద కూలబడి, నా సున్నాల్లో ఎన్ని నా చెవికి అందక పెట్టినవో, ఎన్ని అది నిజంగా లేక పెట్టినవో లెక్కపెట్టుకున్నాను.

మళ్లీ ఆ వాలుకి వెళ్దామనుకునేలోగా 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి కొండని బోడి చేసి పోయింది. తుఫానుకి ముందు అది అక్కడ ఉండేదా అని ఎవరైనా అడిగితే నా పుస్తకం లేదనే చెప్తుంది. ఉందన్నది నువ్వొక్కడివే, నిన్ను తిట్టాను.

అందుకని "వినపడలేదు" అని రాయి, ఎంతసేపు విన్నావో, ఏ పరికరంతో విన్నావో పక్కనే రాయి. "లేదు" అని రాయకు.

ఆ పొద ఉన్న చోటు పాత పుస్తకంలో గుర్తు పెట్టి ఉంచాను, ఆదివారం వచ్చి తీసుకెళ్లు, పులిహోర చేస్తాను. దొరికితే ఆ ఫైలుని పది రెట్లు నెమ్మది చేసి పంపు. అప్పుడైతే నాకూ వినపడుతుంది.

ఒక్కడివీ వెళ్లకు.

పెద్దమ్మ