బ్యాండు పెట్టిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

లండన్ నుంచి నువ్వు పంపిన, ఆఫ్రికా గిటార్ పద్ధతులు కలిపిన మీ డాన్స్ పాప్ పాటలు నాలుగూ విన్నాను. రెండోది మూడుసార్లు పెట్టాను. వంటింట్లోంచి మీ అత్తయ్య "బాగుంది గానీ, ఆ డ్రమ్ము కాస్త తగ్గించమనండి" అంది. నేను చెప్పబోయేదాంట్లో సగం అదే.

నేను 1980లలో నైరోబీలో లెక్కల టీచరుగా ఉండేవాణ్ణి కదా, శనివారం రాత్రులు ఒక హోటల్ బ్యాండులో గిటార్ వాయించేవాణ్ణి. సగం మంది కాంగో వాళ్లే. కాంగో పాటల్లో తాళం పట్టే రిథమ్ గిటార్‌కీ, రాగం వాయించే లీడ్ గిటార్‌కీ మధ్య మూడో గిటార్ ఒకటి ఉంటుంది, 'మి-సోలో' అంటారు. అది నాకిచ్చారు. నాలుగంటే నాలుగే స్వరాలు, పాట అయ్యేదాకా అవే! పది నిమిషాలకి విసుగొచ్చి ఐదోది కలిపాను. పక్కనున్న పెద్దాయన వాయించడం ఆపకుండానే మోచేత్తో నా పక్కలో ఒక్క పొడుపు పొడిచాడు. నేను కలిపిన చోట ఆయన స్వరం పడాలట. అప్పటిదాకా అది ఖాళీ అనుకున్నాను.

మీ రెండో పాటలో జరుగుతున్నది ఇదే. గిటార్ ముచ్చటగా ఉంది, కానీ కిక్ డ్రమ్, అదే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, ప్రతి దెబ్బకీ పడుతోంది, బేస్ కూడా అక్కడే పడుతోంది. డాన్స్ పాప్‌కి ఆ కిక్ ఉండాల్సిందే, కాదనను. బేస్ వాయించే అబ్బాయిని మాత్రం ఒక్కసారి మొదటి దెబ్బ వదిలేసి వాయించమను. గిటార్లు రెండూ ఒకే ఎత్తులో కొట్టుకుంటున్నాయి, ఒకరు కేపో (గిటార్ మెడ మీద తీగల్ని నొక్కిపట్టే బిగింపు) పెట్టుకుని పై స్వరాలకి వెళ్లండి. రీవర్బ్, అంటే ఆ ప్రతిధ్వని, తీసేయండి, ఆ మోతలో వేళ్ల పని వినపడదు.

ఇంకోటి, సెబెనే. కాంగో పాటలో గాయకుడు చెప్పాల్సింది చెప్పేశాక గిటార్లు అందుకునే భాగం అది, జనం లేచేది అప్పుడే. మన బరాత్‌లో తీన్మార్ కోసం కుర్రాళ్లు కాచుక్కూచున్నట్టే. మీరేమో మొదటి పది సెకన్లలోనే అన్నీ కుమ్మరించేశారు!

పోస్టరు మీద 'ఆఫ్రికన్ సౌండ్' అని రాయకండి. అది ఒక ఊరు కాదు. ఘనా హైలైఫ్ వేరు, కెన్యా బెంగా వేరు, దక్షిణాఫ్రికా ఎంబకాంగా వేరు. న్యూయార్క్ కుర్రాళ్ల బ్యాండు వాంపైర్ వీకెండ్ 2008లో మొదటి ఆల్బమ్ వేసినప్పుడు, ఒక పాట పేరులోనే కాంగో నాట్యం 'క్వాసా క్వాసా' పెట్టారు. ఎక్కణ్నుంచి తెచ్చుకున్నారో దాచలేదు, ఆ పద్ధతి నాకు నచ్చింది.

డబ్బు సంగతి టెన్షన్ అనిపించినా ముందే తేల్చుకోండి. దక్షిణాఫ్రికా గాయకుడు సోలమన్ లిండా 1939లో రికార్డు చేసిన 'ఎంబూబే' పాట ప్రపంచమంతా తిరిగి బోలెడు సంపాదించింది. ఆయన 1962లో పేదవాడిగానే పోయాడు. కూతుళ్లు కోర్టుకెక్కితే 2006లో గానీ రాజీ కుదరలేదు.

అందుకే అడుగుతున్నాను, మీ నాలుగో పాట చివర వినిపించే ఆ ఆడవాళ్ల కోరస్ ఎవరిది? ఎక్కణ్నుంచో కత్తిరించి తెచ్చారా, మీరే పాడించారా? పాట బయటికి వదిలేలోపు నాకు రాయి.

మావయ్య