నీ తొట్టెలో పట్టింది ఒక పాచి కాదు, మూడు

చిరంజీవి బుజ్జమ్మకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. రెండు వారాలకే అక్వేరియం పాడైపోయిందని అన్నం కూడా సరిగా తినడం లేదట, అక్క చెప్పింది. పాడవలేదమ్మా, ఇంకా కుదురుకోలేదు. అందులో పట్టింది మూడు రకాల పాచి. నువ్వేమో అన్నిటికీ కలిపి ఒకే మందు అడుగుతున్నావు.

చెక్క మీద దూదిలా ఉన్న తెల్ల జిగురుతో ఏ బాధా లేదు. కొత్త చెక్కలోంచి ఊరేదాన్ని తినే బ్యాక్టీరియా, బూజు అది. పాత టూత్‌బ్రష్‌తో రుద్దెయ్. కొన్ని వారాలకు రావడం మానేస్తుంది.

గాజు మీది గోధుమరంగు పొడి డయాటమ్‌లు, అంటే కంటికి విడిగా కనబడనంత చిన్న పాచి. మన భీమవరం వైపు రొయ్యల చెరువులో నీళ్లు ఆ రంగుకు తిరిగితే రైతు సంతోషపడతాడు. నీ గాజు మీద బాగోదు కాబట్టి స్పాంజితో తుడిచెయ్, అంతే.

అసలు చూసుకోవలసింది మూలన ఇసుక మీది నీలిపచ్చ పొర. గోటితో లాగితే చాపలా లేచి వస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కంపు. ఆల్గే అంటారు గానీ అది బ్యాక్టీరియా. చెరువు చేప మట్టివాసన వేస్తోందని అమ్మమ్మ కూర పక్కన పెట్టేసేది, గుర్తుందా? చాలాసార్లు ఆ వాసనకు కారణం ఈ జాతే.

15 ఏళ్ల కిందట నా చెరువులో ఇదే విరగబడితే, తొందరపడి మైలతుత్తం ఎక్కువ మోతాదులో కొట్టించాను. పాచి అంతా ఒక్కసారే చచ్చి కుళ్లింది. ఆ కుళ్లు నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేసింది. తెల్లారేసరికి బొచ్చెలు, శీలావతులు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఏరేటర్లు తిప్పినా సగం దక్కలేదు. ఆ పొద్దు నాకింకా కళ్లముందే ఉంది, అందుకే నిన్ను మందు జోలికి పోవద్దంటున్నాను.

ముందు సన్నపాటి పైపుతో ఆ పొరను పీల్చి బయటికి తీసెయ్. సగం నీళ్లు మార్చు. మూడు రోజులు లైటు ఆపేసి తొట్టెకు దుప్పటి కప్పు, మధ్యలో తీసి చూడకు. ఫిల్టర్ మాత్రం ఆపొద్దు. మొక్కలు తట్టుకుంటాయి. నాలుగో రోజు మళ్లీ సగం నీళ్లు మార్చి, నీరు కదలని ఆ మూల వైపు ఫిల్టర్ మూతి తిప్పు.

తర్వాత లైటు రోజుకు ఆరు గంటలు చాలు, టైమర్ పెట్టుకో. కిటికీ ఎండ తగలనివ్వకు. మొదటి నెల వారానికి రెండుసార్లు నీళ్లు మార్చు, ఎందుకంటే మొక్కల కోసం అడుగున వేసిన కొత్త ఆక్వాసాయిల్ మట్టి అమ్మోనియా వదులుతుంది. కుళాయి నీళ్లైతే యాంటీక్లోరిన్ చుక్కలు మరవకు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండు. లేకపోతే అమ్మోనియాను తినే మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది.

చేపలు ఇంకా వెయ్యలేదన్నావు, చాలా మంచి పని చేశావు. నీళ్లు పరీక్షించే కిట్‌తో చూస్తే అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా వచ్చేదాకా ఆగు, రెండూ చేపలకు విషమే. నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు.

ఇంకొకటి, నీ తొట్టెలో మొక్కలు తక్కువ. గబగబా పెరిగేవి ఉంటే పాచికి తిండి మిగలదు. కాలువలోంచి నాచు పీకి తెచ్చి వెయ్యకు, చేల మందులు, జలగలు వెంట వస్తాయి. నా సిమెంటు తొట్టెలో హార్న్‌వర్ట్ అనే నీటిమొక్క గుబురుగా ఉంది. ఆదివారం రాజమండ్రి వస్తున్నాను, కడిగి ఓ బకెట్టుడు తెస్తాను. ఈలోపు దుప్పటి కప్పే పని మొదలుపెట్టు.

మీ మావయ్య