డెబ్బై అయిదు రోజుల ఆఫ్రికా: ఎన్ని దేశాలు చూడవచ్చు?

ప్రశ్న: నేను మిర్యాలగూడ దగ్గరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి, 61 ఏళ్లు నిండి ఈ మధ్యనే పదవీ విరమణ చేశాను. ముప్పై ఏళ్లకు పైగా నల్లబల్ల మీద ఆఫ్రికా పటం గీసి నైలు నదినీ, పగులు లోయనూ, గడ్డి మైదానాలనూ పిల్లలకు చూపించినవాణ్ని, వాటిలో ఒక్కదాన్నీ కళ్లారా చూడలేదు. మా ఇంటావిడతో కలిసి 75 రోజులు తిరిగి రావాలని సంకల్పించాను. ఈజిప్టులో మొదలుపెట్టి సూడాన్, ఇథియోపియా, కెన్యా, ఉగాండా, టాంజానియా, జాంబియా, జింబాబ్వే మీదుగా దక్షిణాఫ్రికా చేరాలన్నది నా ఆలోచన. మేము ఇంతవరకు దేశం దాటలేదు. ఆవిడకు 57 ఏళ్లు. రక్తపోటుకు మాత్రలు వాడుతుంది, మాంసం ముట్టదు. ఇది సాధ్యమేనా? ఏ నెలలో బయలుదేరాలి? ముందుగా ఏ పని మొదలుపెట్టాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: సార్‌కు నమస్కారాలు. మీరు రాసిన తొమ్మిది దేశాల దారి పటం మీద ఒక్క గీతలా కనిపిస్తుంది గాని, నేల మీద ఇప్పుడు ఆ దారి లేదు. 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైనప్పటి నుంచి సూడాన్ గుండా యాత్రికులు రోడ్డు మీద వెళ్లే పరిస్థితి లేదు. ఆ అడ్డంకి లేకపోయినా నేను ఈ జాబితాను తగ్గించమనే చెప్పేవాణ్ని. తరగతి గోడ మీది పటం ధ్రువాల దగ్గరి నేలను పెద్దదిగా చూపుతుందనీ, అందులో ఆఫ్రికాకు సాటిగా కనిపించే గ్రీన్‌లాండ్ నిజానికి దానిలో పద్నాలుగో వంతేననీ మీరు పిల్లలకు చెప్పే ఉంటారు. మూడు కోట్ల చదరపు కిలోమీటర్ల ఆ ఖండం మన దేశానికి తొమ్మిది రెట్లు. 75 రోజులను తొమ్మిది దేశాలకు పంచితే దేశానికి ఎనిమిది రోజులు వస్తాయి. సరిహద్దు దాటడానికి ఒకటి, బస్సులో ఒకటి, అలసట తీరడానికి ఒకటి పోగా మిగిలేవి అయిదు. ఇన్నేళ్లు ఎదురుచూసి వెళ్లే ప్రయాణాన్ని పాస్‌పోర్టు మీద పడే ముద్రల కోసం ఖర్చు చేయకండి.

నా సలహా నాలుగు దేశాలు: కెన్యా, ఉగాండా, టాంజానియా, జాంబియా. ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్న ఈ నాలుగింటిలోనూ ఇంగ్లిషుతో పని జరుగుతుంది. మీరు బల్ల మీద గీసినవాటిలో ఎక్కువ భాగం, అంటే పగులు లోయ (రిఫ్ట్ వ్యాలీ), భూమధ్యరేఖ, విక్టోరియా సరస్సు, తెల్ల నైలు పుట్టుక, కిలిమంజారో, సవన్నా గడ్డి మైదానాలు, జాంబెజి నది, అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఈజిప్టు, దక్షిణాఫ్రికా మరో రెండు యాత్రలకు సరిపడేంత పెద్దవి.

ఏ పనితో మొదలుపెట్టాలన్న మీ ప్రశ్నకు జవాబు, పాస్‌పోర్టు. ఆ వెంటనే వైద్యుడు. విమానం టికెట్టు ఆ రెండింటి తర్వాతే. ఈ వరుసకు కారణముంది. ఈ దేశాల్లో తిరగడానికి ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం కావాలి. ఉగాండా దాన్ని తమ దేశంలో అడుగుపెట్టే ప్రతివారినీ అడుగుతుంది. కెన్యా, ఉగాండాల నుంచి వచ్చేవారిని టాంజానియా అడుగుతుంది. ఆ దేశాల నుంచి ఆరు రోజుల లోపు తిరిగి వచ్చేవారిని మన విమానాశ్రయంలోనూ అడుగుతారు, లేనివారిని క్వారంటైన్‌లో ఉంచుతారు. పసుపు కార్డు రూపంలో ఇచ్చే ఆ ధ్రువపత్రం మీద మీ పాస్‌పోర్టు నంబరు రాస్తారు కాబట్టి, పాత పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే ముందు దాన్ని కొత్తది చేయించుకోవాలి. తిరిగి వచ్చే తేదీ తర్వాత కూడా ఆరు నెలలకు పైగా గడువు, కొన్ని ఖాళీ పేజీలు ఉండాలి. టీకాను గుర్తింపు పొందిన కేంద్రాల్లోనే వేస్తారు. మనకు దగ్గరిది హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. వేయించుకున్న పది రోజులకు ధ్రువపత్రం చెల్లుబాటులోకి వస్తుంది, 2016 నుంచి అది జీవితాంతం చెల్లుతోంది.

ఇక్కడ మీ వయసు గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. 60 ఏళ్లు దాటాక ఈ టీకాను మొదటిసారి వేయించుకునేవారిలో తీవ్రమైన దుష్ప్రభావాలు, చాలా అరుదుగానే అయినా, చిన్నవారిలో కంటే ఎక్కువగా కనిపిస్తాయి. కాబట్టి మీ పాత జబ్బులు, మందులు, గుడ్డు పడకపోవడం వంటివి అన్నీ వైద్యుడికి చెప్పి, ఆయన సరేనన్న తర్వాతే వేయించుకోండి. వద్దంటే పట్టుదలకు పోవద్దు. మినహాయింపు చీటీ ఇచ్చినా ప్రతి సరిహద్దులోనూ దాన్ని ఒప్పుకుంటారన్న హామీ లేదు. అప్పుడు ఈ దారి మానుకొని, ఆ జ్వరం లేని దక్షిణాఫ్రికా, నమీబియాల వైపు యాత్రను మళ్లించుకోవచ్చు. టికెట్టు ముందే కొంటే ఈ వెసులుబాటు మీ చేతిలో ఉండదు.

అదే రోజున మలేరియా గురించి కూడా అడగండి. ఎత్తు మీదున్న కెన్యా రాజధాని నైరోబీలో ఆ భయం తక్కువ. సరస్సు ఒడ్డున, సముద్ర తీరాన, జాంబియాలో ఎక్కువ. నివారణ మందును బయలుదేరక ముందే మొదలుపెట్టి, తిరిగి వచ్చాక కూడా కొన్నాళ్లు వాడాలి; మందును బట్టి అది ఒక వారం కావచ్చు, నాలుగు వారాలు కావచ్చు. ఆవిడ రక్తపోటు మాత్రలతో ఏది సరిపడుతుందో వైద్యుడే చెప్పాలి. ఆ మాత్రలను మొత్తం ప్రయాణానికి సరిపడా, చీటీతో సహా, చేతి సంచిలోనే పెట్టుకోండి. ఇంటికి వచ్చాక నెలల తర్వాత జ్వరం వచ్చినా, ఆఫ్రికా వెళ్లి వచ్చామని వైద్యుడికి మొదటి మాటగా చెప్పండి.

కాలం విషయానికి వస్తే, జూన్ మూడో వారంలో బయలుదేరి సెప్టెంబరు మొదట్లో తిరిగి రావడం మంచిది. తూర్పు ఆఫ్రికాలో మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. ఆ తర్వాత దారులు ఆరి, గడ్డి పలచబడి జంతువులు బాగా కనిపిస్తాయి. ఆఫ్రికా అంటే ఎండ అనుకొని నూలు బట్టలతోనే వెళ్లేవారు చాలామంది. నల్లగొండ వేసవికి అలవాటుపడిన శరీరానికి జూలైలో నైరోబీ తెల్లవారుజాము వణుకు పుట్టిస్తుంది. ఆ నగరం దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది, టాంజానియాలోని న్గొరొంగొరొ అగ్నిపర్వత బిలం అంచు అంతకంటే ఎత్తు. ఇద్దరికీ స్వెటరు, మఫ్లరు, మేజోళ్లు తప్పనిసరి.

ఇక దారి. వెళ్లేది నైరోబీకి, తిరిగి వచ్చేది జాంబియా రాజధాని లుసాకా నుంచి అయ్యేలా టికెట్టు తీసుకుంటే వెళ్లిన దారినే వెనక్కి రావలసిన పని ఉండదు. నైరోబీలో నాలుగు రోజులు ఊరికే ఉండండి. అక్కడి రైల్వే మ్యూజియం తప్పక చూడండి. 1896లో మొంబాసాలో మొదలై 1901లో విక్టోరియా సరస్సు చేరిన ఆ రైలు మార్గాన్ని వేయడానికి మన దేశం నుంచి సుమారు 32,000 మంది కూలీలు వెళ్లారు, దాదాపు 2,500 మంది అక్కడే ప్రాణాలు విడిచారు. తర్వాత నైవాషా సరస్సు. ఆ దారిలో రోడ్డు పక్కన ఆగితే పగులు లోయ అంచు నుంచి కింద నేల ఒక్కసారిగా దిగిపోవడం కనిపిస్తుంది. మీరు అక్కడ అరగంట నిలబడతారని నా నమ్మకం.

కెన్యాలోని వన్యప్రాణి సంరక్షణ ప్రాంతం మసాయి మారాకు జూన్ ముగియకముందే వెళ్లండి. అక్కడ విదేశీయులకు రోజుకు ప్రవేశ రుసుము జనవరి నుంచి జూన్ వరకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు వరకు 200 డాలర్లు. ఇద్దరికి రెండు రోజులంటే 400 డాలర్ల తేడా. వైల్డ్‌బీస్ట్ (ఒక రకం పెద్ద జింక) మందలు సాధారణంగా జూలై తర్వాతే మారాకు చేరతాయన్నది నిజమే. కానీ జూలైలో మీరు వాటి కోసం టాంజానియాలోని సెరెంగెటికే వెళ్తారు, సింహాలూ ఏనుగులూ మారాలో ఏడాదంతా ఉంటాయి. సెరెంగెటి జాతీయ పార్కు విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి నల్లగొండ జిల్లా కంటే కొంచెం పెద్దది. దేవరకొండ నుంచి కోదాడ దాకా, ఆలేరు నుంచి సాగర్ దాకా ఊళ్లు లేకుండా గడ్డే ఉన్నట్టు ఊహించుకుంటే, అక్కడ ఒక్క రాత్రి ఉండి రావడం ఎందుకు చాలదో తెలుస్తుంది. కనీసం మూడు రాత్రులు ఉండండి. ఇద్దరి కోసం బండి మొత్తం మాట్లాడుకుంటే ఖర్చు భారీగా అవుతుంది. నలుగురైదుగురు కలిసి వెళ్లే బండిలో చేరితే సగానికి దిగుతుంది.

మారా తర్వాత కిసుము మీదుగా ఉగాండాలోని జింజా వెళ్లండి. విక్టోరియా సరస్సు సుమారు 68,800 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి నల్లగొండలు నాలుగున్నరకు పైగా అందులో పడతాయి. ఆ సరస్సు నుంచి నైలు బయటపడే చోటు జింజా. 1862లో ఆంగ్ల అన్వేషకుడు స్పీక్ చూసి రిపన్ అని పేరు పెట్టిన జలపాతం ఇప్పుడు కనిపించదు. 1954లో ప్రారంభమైన ఓవెన్ ఫాల్స్ ఆనకట్ట వల్ల మునిగిపోయింది. నాగార్జునకొండ లోయ నీళ్లలో కలిసిన కథ విని పెరిగిన మనకు ఆ ఒడ్డున నిలబడినప్పుడు కలిగే భావం వేరు. గాంధీజీ చితాభస్మంలో కొంత 1948లో అక్కడ కలిపారు. ఆయన విగ్రహం కూడా ఉంది.

ఉగాండా నుంచి మళ్లీ కెన్యాకు రావాలి కాబట్టి, కెన్యా, ఉగాండా, రువాండాలకు కలిపి 100 డాలర్లకు 90 రోజులకు ఇచ్చే తూర్పు ఆఫ్రికా పర్యాటక వీసా మీకు సరిపోతుంది. టాంజానియా అందులో లేదు. దానికి వేరుగా ఆన్‌లైన్‌లో 50 డాలర్ల వీసా తీసుకోవాలి. ప్రభుత్వ వెబ్‌సైట్లలాగే కనిపించి రెట్టింపు వసూలు చేసేవి ఉన్నాయి, చిరునామాను ఒకటికి రెండుసార్లు చూసుకోండి. డాలర్లు నగదుగా ఒక ప్రయాణానికి మనిషికి 3,000 వరకు తీసుకెళ్లవచ్చు. చిరుగు, మరక లేని కొత్త నోట్లే తీసుకోండి, పాతవాటిని అక్కడ తిప్పికొడతారు. అత్యవసరంగా విమానంలో తరలించే ఖర్చు కూడా భరించే వైద్య బీమా చేయించండి. మిగతా ఖర్చుల్లో ఎక్కడ తగ్గించినా ఇక్కడ తగ్గించకండి.

ఆవిడ భోజనం గురించి బెంగ వద్దు. అక్కడి ప్రధాన ఆహారమైన ఉగాలి అచ్చంగా మన మక్క గటకే. దానితో ఆకుకూర వేపుడు పెడతారు, దాని పేరు సుకుమా వికి, వారాన్ని నెట్టుకురావడమని అర్థం. బీన్స్ కూర, అన్నం, చపాతీ ప్రతి చిన్న హోటల్లోనూ దొరుకుతాయి. స్వాహిలీలో కూడా చపాతీ చపాతీయే, చాయ్ చాయే, దుకాణం దుకా. కూరలో మాంసం ముక్క తీసేసి వడ్డిస్తే శాకాహారమే అనుకునేవారు ఉంటారు కాబట్టి, వండేటప్పుడే వేయకూడదని ముందుగా చెప్పాలి. కారప్పొడులు, పచ్చళ్లు ప్లాస్టిక్ క్యారీబ్యాగుల్లో చుట్టకండి; కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి వాటిపై నిషేధం ఉంది.

గడియారం గురించి తప్పక చెప్పాలి. స్వాహిలీ మాట్లాడేవారు గంటలను సూర్యోదయం నుంచి లెక్కిస్తారు, మన పూర్వులు జాములు లెక్కించినట్టే. వారి ఒకటో గంట మన ఉదయం ఏడు. టాంజానియాలోని అరూషాలో నా బస్సు టికెట్టు మీద 12 అని ఉంటే మధ్యాహ్నమనుకొని వెళ్లాను. అది ఉదయం ఆరు గంటల బస్సు. టికెట్టు చేతికి వచ్చిన ప్రతిసారీ, అది స్వాహిలీ లెక్కా, ఇంగ్లిషు లెక్కా అని అడగండి.

నైరోబీ నుంచి నమంగా సరిహద్దు దాటి అరూషా, సెరెంగెటి, న్గొరొంగొరొ, కిలిమంజారో కింద మోషి, అక్కడి నుంచి దారెస్సలాం. జాంజిబార్‌కు ఓడలో సుమారు రెండు గంటలు. 2024 అక్టోబరు నుంచి ఆ దీవికి వేరే బీమా తప్పనిసరి. జాంబియాతో సహా అన్నిటికీ కలిపి 65 రోజులకు మించి కేటాయించకండి. మిగిలిన పది రోజులను ఏ పేరూ రాయకుండా వదిలేయండి. జ్వరమో, ఆగిన బస్సో, నచ్చిన ఊరో వాటిని అడుగుతుంది.

దారెస్సలాం నుంచి జాంబియాలోని కపిరి మ్పోషికి వెళ్లే టజారా రైలు 1,860 కిలోమీటర్లు నడుస్తుంది. చైనా సహాయంతో కట్టి 1976లో అప్పగించిన ఈ మార్గం అడవి జంతువుల సంరక్షణ ప్రాంతం గుండా పోతుంది; కిటికీలోంచి జిరాఫీలు కనిపించవచ్చు. రెండు రోజుల ప్రయాణం మూడు రోజులు కావడం మామూలే, కొన్నిసార్లు సర్వీసు నిలిచిపోతుంది కూడా, కాబట్టి స్టేషనుకు వెళ్లి విచారించాకే దాన్ని లెక్కలో వేసుకోండి. జాంబియాలోని లివింగ్‌స్టన్ పట్టణం వద్ద 108 మీటర్ల ఎత్తు నుంచి జాంబెజి దూకే విక్టోరియా జలపాతం అక్టోబరుకల్లా జాంబియా వైపు చాలావరకు ఎండిపోతుంది. మీరు ఆగస్టు చివరికి చేరితే నీరూ ఉంటుంది, జలపాతమూ స్పష్టంగా కనిపిస్తుంది. టజారా రైలులో మొదటి తరగతి గదికి నాలుగు పడకలు. మొత్తం గది తీసుకోకపోతే ఆడవారినీ మగవారినీ వేరువేరు గదుల్లో వేస్తారు. కాబట్టి మీరిద్దరే అయినా నాలుగు టికెట్లు కొనండి.