మొదటి జీతంతో ఐస్‌క్రీం సండే తినిపించబోతున్న మేనకోడలికి

పర్లాకిమిడి

అమ్మలూ,

నీకు మొదటి జీతం వచ్చిందని, వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదినీ ఐస్‌క్రీం షాపుకి తీసుకెళ్తున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎవరికి ఏది ఇష్టమో అడిగి, ఐస్‌క్రీం మీద సాస్, పండ్లు, పలుకులు వేసి కప్పులో ఇచ్చే సండే, ఎవరిది వాళ్ళకి దగ్గరుండి చేయిస్తావట. వినగానే గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక భయం మొదలైంది. బరంపురంలో ఐస్‌క్రీం కౌంటర్ వెనకాల నిలబడి సగం జీవితం గడిపినవాణ్ణి, నాకు ఆ భయం రాకుండా ఎలా ఉంటుంది? ఫోన్‌లో చెబితే ‘సరే మావయ్యా, సరే’ అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. ఎండాకాలం ఆదివారం చీకటి పడితే నిలబడటానికి చోటుండదు, ఐదింటికల్లా వెళ్ళండి. టాపింగ్‌లకి విడిగా డబ్బులు వేస్తారేమో ముందే అడుగు. డబ్బా మీద ఉత్త ‘ఐస్‌క్రీం’ అని ఉంటే అందులో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని ఉంటే పాల కొవ్వుకి బదులు నూనె కొవ్వు వాడారన్నమాట. తింటే ప్రమాదమేం లేదు కానీ, పాల ధర పెట్టి దాన్ని కొనొద్దు. పిల్లల్లో ఎవరికైనా వేరుశెనగ పడదేమో వాళ్ళ అమ్మల్ని కనుక్కో. వేరుశెనగ పలుకులకి పచ్చరంగు వేసి పిస్తా అని చల్లేవాళ్ళున్నారు.

అమ్మమ్మకి షుగర్ ఉందని ఆవిణ్ణి ఇంట్లో వదిలేసి వెళ్ళకు. షుగర్‌ఫ్రీ అని రాసినా పాలలో ఉండే చక్కెర అందులో ఉంటుంది కాబట్టి ఆ పేరు చూసి రెండు స్కూపులు పెట్టించకు. ఒక్కటే పెట్టించు, అది ఆవిడ కోరుకున్నదే పెట్టించు. ‘ఈ వయసులో నీకెందుకు’ అని ఎవరినీ అననివ్వకు.

ఇప్పుడు అసలు సంగతి. సాస్, జెల్లీ, జీడిపప్పు, చెర్రీ అన్నీ పైన పడ్డాక అడుగున ఉన్న ఐస్‌క్రీం ఎలాంటిదో కంటికీ తెలీదు, నాలుక్కీ తెలీదు. పాడైన సరుకు వదిలించుకోవాలనుకునే షాపువాడికి సండేని మించిన దారి లేదు. ఇది నేను కళ్ళారా చూశాను.

ఒక ఏడాది దసరా అమ్మకాల కోసం మా యజమాని అప్పు తెచ్చి మరీ ఫ్రీజర్లన్నీ నింపాడు. 2013 అక్టోబర్ 12, దుర్గాష్టమి. ఆ రాత్రే ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. నువ్వు అప్పుడు చిన్నపిల్లవి, తలుపులు కొట్టుకుంటుంటే అమ్మమ్మ ఒళ్ళోంచి దిగలేదట. తెల్లారేసరికి చెట్లూ కరెంటు స్తంభాలూ రోడ్ల మీద పడున్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. డీజిల్ దొరికినన్నాళ్ళూ ఆయన జనరేటర్ తిప్పాడు. ఆ తర్వాత డబ్బాల్లో సరుకంతా పాయసంలా జారిపోయింది. మా ఇంటి రేకులు ఎగిరిపోవడంతో నేను పనిలోకి వెళ్ళలేకపోయాను.

కరెంటు వచ్చాక ఆయన ఆ సరుకు పారబోయలేదు, మళ్ళీ గడ్డకట్టించాడు. చెడ్డమనిషి కాదమ్మా, నా జీతం ఏనాడూ ఒక్కరోజు ఆపలేదు. అప్పు గుర్తొచ్చి చెయ్యి రాలేదు, అంతే. ఉత్త స్కూపులుగా అమ్మితే తెలిసిపోతుందని, సండేల్లోనే వాడమని కౌంటర్ కుర్రాడికి చెప్పాడు.

నేను తిరిగి పనిలోకి వెళ్ళిన రోజు వెనీలా డబ్బా మూత తీశాను. పైన సూదుల్లాంటి మంచు పలుకులు. సరుకు మధ్యకి కుంగిపోయి, డబ్బా గోడల్ని వదిలేసింది. కరగకముందు ఎంత మట్టం ఉండేదో, అక్కడ గోడ చుట్టూ పసుప్పచ్చని చార ఎండిపోయి ఉంది. కుర్రాణ్ణి నిలదీస్తుంటే ఒక తండ్రి కూతుర్ని ఎత్తుకుని లోపలికొచ్చాడు. ఆ పిల్ల చేతికి సెలైన్ ఎక్కించిన చోట ఇంకా పట్టీ ఉంది. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలట. ఆయన అరవలేదు. ‘తాజాదేనా అని అడిగే కదా తీసుకున్నాను’ అన్నాడు. మా యజమాని తల ఎత్తలేకపోయాడు. ఆ సాయంత్రమే అన్నీ పారబోయించాడు. పిల్ల కోలుకుంది. కానీ ఆ తండ్రి మాట నన్ను వదల్లేదు.

అందుకే చెబుతున్నాను, అడిగి ఊరుకోకు. అడిగితే ఎవరైనా తాజాదే అంటారు. గడ్డకట్టిస్తే సూక్ష్మజీవులు చావవు, ఉన్నచోట ఆగిపోతాయి. కరిగినంతసేపూ పెరిగి, మళ్ళీ గడ్డకట్టాక అలాగే నీ కప్పులోకి వస్తాయి. వాసన రాదు, రుచి పెద్దగా మారదు. మారేది నాలుకకి తగిలే తీరే. సండే చేయించే ముందు, పైన ఏమీ వెయ్యకుండా ఒక చెంచా వెనీలా అడిగి తీసుకో. నాలుక మీద వెన్నలా జారాలి. ఇసకలాగా, మంచు ముక్కల్లాగా తగిలిందంటే లేచి వచ్చెయ్. మొహమాటపడ్డావంటే ఊరుకోను! డబ్బులు నీవి, పిల్లలు మనవాళ్ళు. ఇప్పుడు ఎలాగూ కాలబైశాఖి రోజులు, ఎండాకాలంలో ఉన్నట్టుండి గాలివానలు వచ్చే కాలం. ముందురోజు గాలివానకి మీ వైపు చాలాసేపు కరెంటు పోతే, సండే ఇంకో ఆదివారానికి పెట్టుకోండి. నిల్వ ఫ్రీజర్ కనబడితే మీటరు చూడు, మైనస్ 18 ఉండాలి. స్కూపులు తీసే పెట్టెలో అంత చల్లదనం ఉండదు, ఉంటే స్కూప్ దిగదు, దానికి కంగారుపడకు. స్కూప్‌ని మగ్గులో నిలవనీళ్ళలో ముంచి తీస్తుంటే మాత్రం కుళాయి కింద కడగమని చెప్పు.

ఇక తయారుచేయించడం. ఒక్కో కప్పులో రెండు ఫ్లేవర్లు చాలు, నాలుగు కలిపితే ఏదీ తెలీదు. అడుగున కేక్ ముక్క, దాని మీద ఐస్‌క్రీం, తర్వాత పండు. జీడిపప్పు పలుకులు ఆఖర్న చల్లించు, లేకపోతే మెత్తబడిపోతాయి. వేడి చాక్లెట్ సాస్ టేబుల్ దగ్గరికి తెచ్చి పొయ్యమను, పిల్లలకి ఆ సరదా దక్కుతుంది. పచ్చి అనాసపండు వద్దు, అది పాలతో కలిస్తే కాసేపటికే చేదెక్కుతుంది. డబ్బాలో వచ్చే అనాస ముక్కలైతే పరవాలేదు. మామిడిపండు దొరికితే ఇంక వేరే పండెందుకు?

మీ అమ్మ ఏదీ వద్దంటుంది, చూస్తూ ఉండు. చిన్నప్పుడు గోపాల్‌పూర్ సముద్రం దగ్గర ఒకే పాల ఐస్ కొనుక్కుని ఇద్దరం తినేవాళ్ళం. కప్పులో వచ్చేది కావాలని దానికి ఎంత ఆశో! నాన్న జేబు తెలిసి ఎప్పుడూ అడగలేదు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. అందుకని దాన్ని అడగొద్దు. బటర్‌స్కాచ్ రెండు స్కూపులు, పైన జీడిపప్పు, పెద్ద కప్పులో చెప్పెయ్. ‘నువ్వు కొంచెం తీసుకో’ అని నీకు పెట్టబోతుంది, తీసుకోకు. మొత్తం దాన్నే తిననియ్యి.

మీ అత్త కూడా వస్తానంటోంది కానీ, ఈ ఎండల్లో నా మోకాళ్ళతో బస్సెక్కలేను. ఆదివారం రాత్రి ఫోన్ చెయ్యి. ముందు వెనీలా చెంచా ఎలా ఉందో చెప్పు, మిగతావన్నీ తర్వాత.

ఆశీస్సులతో,
మీ మావయ్య