దుబాయి పోయే ముందు మిత్తి లెక్క

బిడ్డా,

వీసా వచ్చిందని, ఏజెంటుకిచ్చే పైసల కోసం తిరుగుతున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. పోవద్దని నేననను. మన జగిత్యాల దిక్కు ఎన్ని పెండ్లిళ్లు, ఎన్ని బోర్లు, ఎన్ని స్లాబులు ఆ పైసల మీద కాలేదు! కానీ అప్పు తెచ్చే ముందు ఒక్కసారి లెక్క ఎయ్యి.

నూటికి మూడు రూపాయల మిత్తికి లక్షన్నర తెస్తే నెలకు 4,500 మిత్తికే పోతయి. రెండేండ్ల అగ్రిమెంటు అయ్యేసరికి కట్టిన మిత్తే 1,08,000. అసలు అట్లనే ఉంటది. వెయ్యి దిర్హాముల జీతమంటే 20 వేల పైచిలుకు కనవడుతది గని, తిండి కంపెనీ పెట్టకపోతే అండ్ల మూడో వంతు అక్కడ్నే ఖర్చు.

అసలు ఏజెంటుకు అంత ఎందుకియ్యాలె? లైసెన్సు ఉన్నోడు తన ఫీజు కింద 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవద్దు. రశీదు అడుగు. ఇయ్యనంటే లేచి రా. సర్కారు ఈమైగ్రేట్ వెబ్‌సైటుల వాని పేరుందో లేదో చూడు. నువ్వు పది పాస్ కాలేదు, నీది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి పోయే ముందు సర్కారు క్లియరెన్సు తీసుకోవాలె. ఏజెంటు "విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్త" అంటే నమ్మకు. క్లియరెన్సుతోని పోతేనే ప్రవాసీ భారతీయ బీమా ఉంటది, 275 రూపాయలకు రెండేండ్లు, 10 లక్షల దాక.

ఇగ పంపే పైసల సంగతి. షార్జాల మా రూముల ఒకాయన ప్రతి నెలా తమ్ముని ఖాతాకే పంపేటోడు. ఇల్లు లేచింది, రిజిస్ట్రేషను తమ్ముని పేరు మీదైంది. అడిగితే, "నేను నిలవడి కట్టించలేదా" అన్నడట. అదీ అబద్ధం కాదాయె. అందుకే చెప్తున్న, నీ పెండ్లాం, మా కోడలి పేరు మీద ఖాతా తీయి. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు ఆమె దగ్గరనే ఉండాలె. మా అన్న, అదే మీ నాయన, అలుగుతడు, అలగనీ. ఆయనతోని నేను మాట్లాడుత. కౌలు పైసలు కూడా కోడలి చేతికే రావాలె.

మొదటి పైస అప్పుకు. అప్పు తీరేదాక ఇంటికి ముగ్గు పోయకు. సగం లేచి, చువ్వలు తుప్పు పట్టిన ఇండ్లు మన ఊర్లనే చూస్తున్నవు కద. బ్యాంకు లేకుండ చేతుల మీద పైసలు పంపే హుండీవోడు నాలుగు పైసలు ఎక్కువిస్తనంటడు. రేపు తేడా వస్తే చూపెట్టడానికి నీ దగ్గర చిట్టీ ముక్క ఉండదు. బ్యాంకుల నీ పేరు మీద ఎన్‌ఆర్‌ఈ ఖాతా, అంటే బయటి దేశంల ఉన్నోళ్ల ఖాతా, తీయి, దాని మిత్తి మీద ఇక్కడ పన్ను లేదు.

పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు జిరాక్సులు కోడలికిచ్చి పో. ఆదివారం వస్త. ఏజెంటు కాగితాలన్నీ తీసి పెట్టు, నేను చూసేదాక దేని మీదా సంతకం పెట్టకు.

మీ చిన్నాయన