మా బాపు పేరు పెంటయ్య

"పెంటయ్య, పుల్లమ్మ లాంటి పేర్లు పిల్లలకు ఎందుకు పెట్టేవారు? ఇంత మూఢనమ్మకం మన దగ్గరేనా?" అని ఒకరు అడిగారు.

మా బాపు పేరు పెంటయ్య. అతనికి ముందు పుట్టిన ఇద్దరు పురిట్లోనే పోయారు. బాపు పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటామెతో ఎత్తించి, నానమ్మ తన బిడ్డను తానే తెచ్చుకుంది. ఉత్తరాంధ్రలో తవుడుకు కొన్నట్టు చేసి తవిటయ్య అనేవారు. ఎంగిలి విస్తళ్లలో పొర్లిస్తే పుల్లయ్య. ఎవరికీ పనికిరానివాడని చావు వదిలేసి పోవాలని.

మన దగ్గరే కాదు. నేను నాలుగేళ్లు ఆఫ్రికాలోని ఘానా దేశంలో, కుమాసీ నగరంలో పనిచేశాను. మా డ్రైవర్ పేరు డాంకోర్. అర్థం అడిగితే "బానిస" అన్నాడు. అతనికి ముందు ముగ్గురు పోయారట. అక్కడి అకాన్ తెగవాళ్లు, పోయి మళ్లీ అదే కడుపున పుట్టే బిడ్డను బెజినా అంటారు, 'వచ్చి నిలబడు' అని. అలాంటి బిడ్డకు బుగ్గ మీద చిన్న గాటు పెట్టేవారు, హీనమైన పేరు పెట్టేవారు. సుమినా అనే పేరు కూడా ఉంది. అంటే చెత్తకుప్ప. అది విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

డాంకోర్ తన మనవరాలికి పేరు పెట్టే రోజు నన్ను పిలిచాడు. పుట్టిన ఎనిమిదో రోజు, ఇంకా సరిగా తెల్లవారలేదు. అప్పటిదాకా బిడ్డ ఉంటుందో పోతుందో తెలియని చుట్టం కిందే లెక్క. ఆ లోపు పోతే పాతరోజుల్లో తల్లిని ఏడవనిచ్చేవారు కాదు. పెద్దాయన వేలు నీళ్లలో ముంచి బిడ్డ నాలుక మీద పెట్టి "నీళ్లయితే నీళ్లని చెప్పు" అన్నాడు. తర్వాత సారాలో ముంచి "సారా అయితే సారా అని చెప్పు" అన్నాడు. అక్కడ పుట్టిన వారాన్ని బట్టి పేరు; శనివారం పుట్టిన ఆడపిల్ల కాబట్టి ఆమా. సారా చుక్కకు ఆ పిల్ల ముఖం ముడుచుకుంది, అందరూ నవ్వారు. డాంకోర్ వాళ్లమ్మ మాత్రం నవ్వలేదు. మూల పీట మీద కూర్చుని, బిడ్డ పాదం రెండు వేళ్లతో పట్టుకునే ఉంది.

ఇలాంటివి చెబితే మన చుట్టాల వాట్సాప్ గ్రూపులో "ఆఫ్రికా వాళ్లు అంతే" అంటారు. వాళ్లలో ఇద్దరు, తమ తాత పేరు పెంటయ్య అని చెప్పుకోలేక సర్టిఫికెట్లలో మార్పించుకున్నారు. బడిలో హాజరు పిలిచే సారే ఆ పేరు రాగానే నవ్వేవాడని బాపు చెప్పేవాడు. ఆ కోపం నాకింకా పోలేదు. ఆ పేరు పెట్టిన తల్లికి తెలివి లేదని ఎవరన్నా నేను ఒప్పుకోను. రెండుసార్లు ఒట్టి చేతులతో పురిటి మంచం దిగిన మనిషి ఇంకేం చేస్తుంది?

ఆ రోజు మా బాపు పేరుకు అర్థం ఏమిటో డాంకోర్‌కు చెప్పాను. అతను వెళ్లి వాళ్లమ్మకు చెప్పాడు. ఆమె నన్ను దగ్గరకు పిలిచి, చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. "మీ నానమ్మకు ఎంతమంది పోయారు అంటోంది" అన్నాడు డాంకోర్.

రెండు వేళ్లు చూపించాను. ఆమె తన మూడు వేళ్లు చూపించింది.